కుడివైపు సీటు

తిరుపతి
ఆదివారం, పొద్దున ఆరున్నర

రేయ్ చిట్టీ,

ముందు తిట్టుకోవాల్సిందంతా తిట్టుకో, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చేనాటికి మా వెనకింటి మామిడి పూత మీదుంది. ఇప్పుడు ఆ కాయలతో పెట్టిన ఆవకాయ జాడీ సగానికి దిగింది. రోజూ రాద్దామనే అనుకున్నా. మనం అనుకోవడం అంటే ఏంటో నీకు చెప్పాలా, ఇద్దరం టైపు హయ్యరు పాసైనట్టే.

వార్తలు గబగబా. అమ్మ బాత్రూంలో జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు కట్టించాం, ఇవాళ రెండో కట్టుకి ఎనిమిదింటికి బయల్దేరాలి, అందుకే ఈ పరుగు. పెద్దాడికి చెన్నైలో ఉద్యోగం వచ్చింది, జీతం అడక్కు. నాకు షుగరు వచ్చింది, అది కూడా అడక్కు. మీ చెల్లెలు కారు నేర్చుకుంది. ఈ చివరి వార్త దగ్గర్నుంచే నా కథ మొదలు.

ఫోనులో చెప్పొచ్చు గదా అంటావు. ఫోనులో అయితే నేను నోరు తెరవగానే "అత్తగారిచ్చిందే" అంటావు, కథ అక్కడే చస్తుంది. తిరుచానూరు రోడ్డు పిట్టగోడ మీద కూర్చుని పోయే కార్లకి ఓనర్లను కల్పించే ఆట గుర్తుందా? నేను ఒక్కో కారుకి ఒక నవల అల్లేవాణ్ణి. నువ్వు మాత్రం ఏ కారొచ్చినా ఒకటే మాట: "అత్తగారిచ్చింది. లోపలున్నోడు అల్లుడు." కలెక్టరు జీపుకి కూడా అదే చెప్పావు చూడు, అక్కడ నీతో ఆట మానేశా.

సరే. మీ చెల్లెలు పోయిన నెల గేటుకి కారు రాసింది. ఎడమ తలుపు మొత్తం. రేణిగుంట రోడ్డులో ఒక టింకరింగ్ షెడ్డు ఉంది, అక్కడ ఇచ్చాం. మొన్న శుక్రవారం తీసుకోవడానికి ఇద్దరం వెళ్లాం. షెడ్డు వెనక టార్పాలిన్ కప్పి ఏదో ఉంది. లారీ తొట్టి అనుకున్నా. గాలికి టార్పాలిన్ ఒక మూల లేచింది. రేయ్, కింద రెక్క కనబడింది! పైకి లేచిన తోక కాదు, గద్ద రెండు రెక్కలూ పక్కలకి చాపి పడుకున్నట్టు అడ్డంగా, ఆ రెక్క కింద ఏడవబోయే పిల్లి కన్నులాగా ఒక లైటు.

ఇంపాలా రా. షెవర్లే ఇంపాలా. మన క్యాలెండరు కారు!

మేస్త్రీ ఏ మోడలో తెలీదన్నాడు. నాకు తెలుసు. 58 ఇంపాలాకీ 60 ఇంపాలాకీ వెనక ఒక్కో పక్క మూడేసి గుండ్రటి లైట్లు. పిల్లికన్ను ఉన్నది 59కే. నువ్వు ఆ క్యాలెండరు చించెయ్యకుండా ఉంటే నీకూ తెలిసేది. పదిహేడున్నర అడుగుల పొడవు, వెడల్పు ఆరడుగుల ఎనిమిదంగుళాలు. అంబాసిడరు పక్కన పెడితే ఇంకా మూడడుగులు పైనే మిగులుద్ది. మా వీధిలో మలుపు తిప్పాలంటే ఇద్దరి అరుగులు కొట్టెయ్యాలి.

పైన తెల్ల రంగు, అక్కడక్కడ బెల్లం పాకం కారినట్టు తుప్పు. చివరగా ఇది చిత్తూరు బెల్లం మండీ వాళ్ల దగ్గర ఉండేదట, పెళ్లి ఊరేగింపులకి బాడుగకి ఇచ్చేవాళ్లట. బానెట్ ఎత్తితే లోపల మాటాడోర్ వ్యానుది డీజిల్ ఇంజను. అంత గదిలో ఆ ఇంజను, కల్యాణమండపంలో ఒక్కడు కూర్చుని భోంచేస్తున్నట్టుంది. 73లో పెట్రోలు ధర మండినాక ఇలాంటి బళ్లకి చాలామంది చేయించిన వైద్యమే లే. అయినా కడుపు తరుక్కుపోయింది.

మేస్త్రీ నా మొహం చూసి ఉప్పుకాగితంతో తలుపు మీద అరచేయంత మేర రుద్ది చూపించాడు. తెలుపు కింద ముదురు పచ్చ. ఇంకాస్త రుద్దాడు. పచ్చ కింద... కనకాంబరం రంగు! ఎంత బాగుందనుకున్నావు. ఎర్ర దుమ్ము మన రోడ్ల మీద, ఎడ్లబళ్ల మధ్యన, కనకాంబరం రంగు కారు. ఎవడ్రా దాన్ని కొన్నది?

ఇక ఆగలేదు. ఇంటికొచ్చి రాత్రంతా అదే.

మొదట కార్వేటినగరం వైపు రాజావారెవరో అనుకున్నా. తలపాగా, తుపాకీ, వెనక సీట్లో కుక్క. కానీ జమీందారీలకి 48 చట్టంతోనే మంగళం పాడేశారు కదా. 59లో పగడాల బేరగాళ్లు ఇంటికొస్తే లోపలున్నా లేరనిపించే రోజులు వాళ్లవి. కొట్టేశా.

తర్వాత మద్రాసు సినిమా నిర్మాత. రిలీజుకి ముందు ఫిల్ము డబ్బా డిక్కీలో పెట్టుకుని కొండెక్కుతున్నాడు, పక్కన హీరోయిన్ వాళ్లమ్మ. ఇది బాగానే కుదిరింది. గుండు కూడా కొట్టించా ఆయనకి. అర్ధరాత్రి లేచి కూర్చున్నా. ఎందుకంటే కారు స్టీరింగు ఎడమవైపు ఉంది!

ఆ సంగతి షెడ్డులోనే చూశాను, బుర్రకి ఎక్కలేదంతే. జనరల్ మోటార్స్ వాళ్లు బొంబాయిలో 1928 నుంచి షెవర్లేలు బిగించేవాళ్లు. 54లో మూసేసుకుని పోయారు. అంటే ఇది ఇక్కడ బిగించింది కాదు, ఓడ దిగింది. ఎడమ స్టీరింగుతో దిగిందంటే అమెరికా రోడ్ల కోసం చేసిన బండినే ఎవరో వెంట తెచ్చుకున్నారు. ఏ కాన్సులేటు దొరో! వెళ్లేటప్పుడు దొరలు వదిలేసిన కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది కదా, అలా మనవాళ్ల చేతికి వచ్చుంటుంది. ముదురు పచ్చ వేయించింది ఆ రెండో ఓనరే అయ్యుంటాడు. కనకాంబరం రంగు కారులో తిరిగితే అప్పులవాళ్లు దూరం నుంచే గుర్తుపడతారని.

ఇప్పుడు అసలు ముక్క. నిన్న పొద్దున్నే ఏదో సాకు చెప్పి మళ్లీ షెడ్డుకి పోయా. మీ చెల్లెలు నమ్మలేదు, తనూ వచ్చింది. తలుపు తీయించి లోపల చూశాను. సీటు కింద ఒక నయా పైసా, నాలుగు చింతగింజలు దొరికాయి. గింజలు ఒకవైపు తెల్లగా అరగదీసి ఉన్నాయి. డిక్కీ తీస్తే అడుగు రేకు మీద మేకుతో గీసిన ఐదు అయిదుల గళ్లు, మధ్యలో ఇంటూ గుర్తు. అష్టాచెమ్మా రా! డిక్కీలో ఇద్దరు ఎదురెదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. దొరలు పైన దర్శనానికి పోతే కింద అలిపిరిలో డ్రైవరూ ఇంకొకడూ... లేదా ఊరేగింపు ఆలస్యమై... ఏదో ఒకటి, దాని సంగతి తర్వాత.

ముందు సీటు దగ్గర కుడివైపు, కాళ్లు పెట్టుకునే చోట రేకులో గుంట పడింది. తుప్పు పట్టిందా అనడిగా. మేస్త్రీ వంగి వేలితో తడిమి, "తుప్పు కాదు సార్. కాలు" అన్నాడు.

అర్థమైందా? ఎడమవైపు కూర్చుని తోలేవాడికి ముందున్న బస్సు పక్కనుంచి ఏమొస్తుందో కనబడదు. కుడివైపు కూర్చున్నవాళ్లే కళ్లు. "పో", "ఆగు", "లారీ, లారీ" అని వాళ్లే చెప్పాలి. మొదటి ఘాట్ రోడ్డు వేసిన 44 నుంచి రెండోది వచ్చిన 74 దాకా ఎక్కేదీ దిగేదీ ఒకే దారిలో. ఆ మలుపుల్లో, ముందు పొగ వదిలే బస్సు, కుడివైపు సీట్లో ఒక మనిషి, లేని బ్రేకుని తొక్కుతూ, తొక్కుతూ. ఒక్క ఓనరు కాదు, ఎడమ స్టీరింగు ఉన్నంత కాలం ఎంతమంది చేతులు మారినా ఆ సీట్లోవాళ్లందరూ అక్కడే తొక్కారు. రేకు దిగబడిపోయింది.

నేను ఒక దొరసానిని ఊహించేశా. నల్లకళ్లద్దాలు, తలకి రుమాలు, ఒళ్లో అరటిపళ్ల బుట్ట, ఇంగ్లీషులో మొగుణ్ణి తిడుతూ కాలు నొక్కుతోంది. గట్టిగా చెప్పాను కూడా. మీ చెల్లెలు ఏం మాట్లాడకుండా చెప్పు విడిచి ఆ గుంటలో పాదం పెట్టింది. ఆమె పాదం చుట్టూ ఇంత ఖాళీ. "మీది పెట్టండి" అంది.

పెట్టాను. అచ్చు దిగింది రా. నా తొమ్మిదో నంబరు కాలు, మడమతో సహా.

"మొగుడే ఇక్కడ కూర్చుంది. తోలింది ఆవిడ" అంది మీ చెల్లెలు. అని, మన కారు ఎడమ తలుపు తీసి కింద మ్యాటు ఎత్తి మేస్త్రీకి చూపించింది. ఆర్నెల్లు రా చిట్టీ, ఆర్నెల్లుగా నేను అటు కూర్చుంటున్నాను. మ్యాటు చిరిగింది. మేస్త్రీ నవ్వలేదు, అదే బాధ.

ఇప్పుడు నా దొరసాని లేచి ఎడమవైపు కూర్చుంది. దొర కుడివైపు, అరటిపళ్లు ఆయన ఒళ్లో. ముదురు పచ్చ కాలంలో మాత్రం ఎవరు తోలారో తేలడం లేదు. మన వైపు 60ల్లో ఒక ఆడమనిషి అంత బండి తోలిందంటే సొంత డబ్బుండాలి, లేదా పుట్టింటి... ఆగు. పుట్టింటివాళ్లు కొనిచ్చి ఉంటే, "కారు మా నాన్నది, నేనే తోలతా" అని కూతురు స్టీరింగు దగ్గర కూర్చుని ఉంటే, పక్కన లేని బ్రేకు తొక్కుతూ కూర్చున్నది...

ఛీ. నలభై ఏళ్ల తర్వాత నువ్వు గెలుస్తావా? ఒప్పుకోను. ఇంకో వారం ఆలోచించి రాస్తా. మేస్త్రీ ఆ తలుపు కింద పాత నంబరు పలక ఏదో ఉందని

హారన్ కొడుతోంది. అమ్మ వెనక ఎక్కేసింది. చెల్లెమ్మకి చెప్పు, ఆవకాయ పంపిస్తా. నేను పోయి ఎడమవైపు ఎక్కాలి.

నీ
గొడుగు