డబ్బా అడుగున అంకె చూడండి

అందరికీ నమస్కారం. ప్లాస్టిక్ డబ్బా పారేసే ముందు అడుగున త్రికోణంలో ఉన్న అంకె చూడండి. ఆ గుర్తు ఉన్నంత మాత్రాన రీసైకిల్ అవుతుందని కాదు, అది ఏ రకం ప్లాస్టికో చెబుతుందంతే. 1, 2 అంకెలున్నవి ఎక్కువగా రీసైక్లింగ్‌కి తీసుకుంటారు. లోపల మిగిలింది ఖాళీ చేసి, కాసిని నీళ్లతో కడిగి వేయండి. నూనె అంటిన కాగితాలు మంచి కాగితాల్లో కలపొద్దు, అవీ పాడవుతాయి.

అల్యూమినియం డబ్బాలు మాత్రం అస్సలు వదలకండి. ఖనిజం నుంచి కొత్తగా తీయడం కంటే పాతవి కరిగిస్తే దాదాపు 95 శాతం శక్తి ఆదా!

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: పాత ఫోన్ బ్యాటరీలు చెత్తబుట్టలో వేయొద్దు. లిథియం బ్యాటరీ నలిగితే మంటలు లేస్తాయి, చెత్త ఎత్తేవాళ్ల ప్రాణం మీదికొస్తుంది. విడిగా దాచి, ఈ-వేస్ట్ తీసుకునేచోటే ఇవ్వండి.