తెల్మా రిట్టర్‌కు దక్కని ఆస్కారు

అయ్యా,

ఆస్కార్ల కాలం రాగానే మీ సినిమా పేజీ నిండా నాయికల ఫొటోలే. సహాయ పాత్రల వారికి ఒక వరుస మిగిలితే గొప్ప. హాలీవుడ్ నటి తెల్మా రిట్టర్ గురించి ఒకసారైనా రాయండి. బ్రూక్లిన్‌లో పుట్టిన ఈ నటి 1947లో, 45 ఏళ్ల వయసులో, పేరు కూడా వేయని చిన్న వేషంతో తెరకెక్కింది. 1950 నుంచి 1962 దాకా వచ్చిన చిత్రాలకు సహాయనటిగా ఆరుసార్లు ఆస్కారు నామినేషన్ వచ్చింది. బహుమతి ఒక్కసారీ రాలేదు.

1953 నాటి ‘పికప్ ఆన్ సౌత్ స్ట్రీట్’ చూడండి. అందులో ఆమెది మెడకు కట్టే టైలు అమ్ముకుంటూ పోలీసులకు కబుర్లు చేరవేసే ‘మో’ అనే పాత్ర. దిక్కులేని శవాల మధ్య తనను పూడ్చకూడదని పైసా పైసా కూడబెడుతుంది. హంతకుడు గదిలోకి వస్తే కేక పెట్టదు, పరుగెత్తదు. అలసిపోయానని మాత్రం చెబుతుంది. ఆ గొంతులో ఏడుపు లేదు, రోజంతా తిరిగిన కాళ్ల నొప్పి ఉంది! ఆ ఏడాది బహుమతి డోనా రీడ్‌కు వెళ్లింది. ఆమెను తప్పుపట్టను గానీ, నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. నాటకరంగమే నయం, 1958లో తన పెద్ద బహుమతి ‘టోనీ’ని ఆమెకు ఇచ్చింది.

– ఒక పాఠకురాలు, విజయవాడ