“కొంచెం నడువుండ్రి” అంటే సరిపోదు: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అరవై దాటినవారి కుంగుబాటుకు వ్యాయామాన్ని కూడా మందులాగే మోతాదు కట్టి, పల్లె దవాఖానాల్లోనే చేయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

పెద్దవాళ్లు “దిగులుగా ఉంది” అనరు. “నిద్ర పడ్తలేదు, బువ్వ సయిస్తలేదు, కాళ్లల్ల తాకత్ లేదు” అంటారు. బీ కాంప్లెక్స్ సూదో, గ్లూకోజు సీసానో పెట్టించుకుని వెళ్లిపోతారు. అందుకే బీపీ, షుగర్ చూసేటప్పుడే రెండు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో దేని మీదా మనసు పోవడం లేదా? బాధగా, ఆశ లేనట్టుగా ఉంటోందా? ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3, ఆపైన వస్తే వృద్ధుల కోసమే తయారైన 15 ప్రశ్నల పరీక్ష పెట్టి, థైరాయిడ్, బీ12 కూడా చూడాలి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడగాలి. అవునంటే వ్యాయామం సంగతి తర్వాత. ఆ రోజే మానసిక వైద్యుడికి చూపించాలి, ఇంట్లోవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 నంబరు రాసివ్వాలి.

వ్యాయామం ఎంత గట్టిగా చేయాలన్నదే ఇక్కడ అసలు విషయం. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 1999లో ప్రచురించిన అధ్యయనంలో కుంగుబాటు ఉన్న, యాభై దాటిన 156 మంది పాల్గొన్నారు. మందు వేసుకున్నవారికి ముందుగా గుణం కనిపించినా, 16 వారాలు తిరిగేసరికి వారానికి మూడు రోజులు గుండె వేగం బాగా పెరిగేలా వ్యాయామం చేసినవారూ వారితో సమానంగా కోలుకున్నారు. 2005లో సిడ్నీ పరిశోధకులు అరవై దాటిన 60 మందిని మూడు జట్లు చేశారు. ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతంతో ఎనిమిది వారాలు చేసినవారిలో 61 శాతం మందికి లక్షణాలు సగానికి తగ్గాయి. 20 శాతం బరువుతో చేసినవారిలో 29 శాతానికి, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 21 శాతానికి మాత్రమే ఆ ఫలితం దక్కింది. చేతులూపుకుంటూ తిరిగే తిరుగుడు చాలదని దీన్నిబట్టే తెలుస్తోంది.

పార్కుల్లోని ఓపెన్ జిమ్‌లు కూడా ఈ పనికి రావు. వాటిలో చాలా యంత్రాలకు బరువు పెంచే వీలుండదు, ఊగడమే ఉంటుంది. చీర కట్టుకుని హవాయి చెప్పులతో ఎక్కితే జారిపడే ప్రమాదం కూడా ఉంది.

కావలసిన సామాను ఊళ్లోనే దొరుకుతుంది. మందపాటి జీన్స్ గుడ్డతో చిన్న చిన్న సంచులు కుట్టించి, ఒక్కోదాంట్లో అరకిలో ఇసుక పోసి, చీలమండకు కట్టే పట్టీ జేబుల్లో ఒక్కొక్కటే పెంచుకుంటూ పోవచ్చు. కుర్చీ మాత్రం గట్టిది, చేతుల్లేనిది, 17 అంగుళాల ఎత్తున్నది ఉండాలి. దాన్ని గోడకు ఆనించాలి, ఎందుకంటే ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది. చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలరో మొదటిరోజే లెక్కపెట్టి రాసుకోవాలి. 70–74 ఏళ్ల ఆడవారు 10 సార్లకన్నా, మగవారు 12 సార్లకన్నా తక్కువ చేస్తే పడిపోయే ముప్పు ఉన్నట్టే. వారికి బరువులతో పాటు ఒంటికాలి మీద నిలబడటం వంటివి పక్కన మనిషిని పెట్టి నేర్పాలి.

16 వారాల పాటు వారానికి మూడు రోజులు, పూటకు 45 నిమిషాలు చాలు. మొదటి రెండు వారాలు మామూలు నడక, తేలిక బరువులు. మూడో వారం నుంచి రెండు నిమిషాలు జోరుగా, రెండు నిమిషాలు మెల్లగా నడిపించాలి. జోరు నడకలో ఊరి పేరు చెప్పగలగాలి గానీ ముచ్చట పెట్టలేనంత ఆయాసం రావాలి. నాడి పట్టుకుని దాన్నే నమ్ముకోవద్దు. అటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి బీపీ, గుండె మందులు వేసుకునేవారికి ఎంత చేసినా నాడి అంతగా పెరగదు. బరువు ఎత్తడం 8 నుంచి 12 సార్లు. 12 సార్లు సులువుగా వస్తే మరుసటి పూట అరకిలో పెంచాలి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా లేస్తుంది కాబట్టి గట్టిగా అంకెలు చెప్పిస్తూ చేయించాలి.

బీపీ 180/110 దాటినా, ఛాతీలో నొప్పి ఉన్నా ఆ రోజు వ్యాయామం లేదు, డాక్టరు చూడాల్సిందే. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వంటి షుగర్ మందులు వాడేవారితో పరగడుపున చేయించొద్దు, దగ్గర చక్కెర ఉంచాలి. కుంగుబాటు మందులు వాడుతున్నవారు వ్యాయామం మొదలుపెట్టామని వాటిని సొంతంగా ఆపకూడదు.

ఎక్కువమంది మానేసేది రెండు మూడు వారాల్లోనే. ఒళ్లునొప్పులు అప్పటికే మొదలవుతాయి, మనసు తేలికపడటం ఇంకా మొదలుకాదు. దానికి తోడు ఇంట్లో పిల్లలు ప్రేమతోనే “ఈ వయసుల నీకెందుకమ్మా, కూసో” అంటారు. ఈ సంగతి మొదటిరోజే ఇంటివాళ్లకూ చెప్పాలి. వరసగా రెండు పూటలు రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి పిలవాలి. కుంగిపోయిన మనిషి తనంతట తాను లేచి రాలేకపోవడం జబ్బు లక్షణమే, దాన్ని బద్ధకం అనుకోవడం అన్యాయం.

మంత్రి గారూ, 2010లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో వారానికో రోజు వృద్ధుల క్లినిక్ నడపాలని ఉంది. ఆ రోజునే ఈ రెండు ప్రశ్నలకు వాడుకోండి. బీపీ, షుగర్ రిజిస్టరులో వాటికో గడి పెట్టించండి. జిల్లా ఆసుపత్రి ఫిజియోథెరపిస్టులతో ఏఎన్ఎంలకు, ఆశాలకు శిక్షణ ఇప్పించి, జిల్లాకు ఒక మండలంలో పదిమంది చొప్పున జట్లు కట్టించండి. ప్రతి నాలుగు వారాలకూ అదే 15 ప్రశ్నల పరీక్ష మళ్లీ పెట్టి, మార్కులు తగ్గనివారిని పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు చేయండి. దసరా దాటగానే మొదలుపెడితే, ఎండలు ముదిరేలోపు మొదటి జట్ల 16 వారాలు పూర్తవుతాయి.

ఇట్లు,
వృద్ధుల ఆరోగ్య రంగంలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులు, మానసిక ఆరోగ్య నిపుణులు