తెలుగు పరిశోధన లెక్కకు రావాలంటే

సంపాదకులకు నమస్కారం.

భాషాశాస్త్ర పరిశోధనను ఇంటర్నెట్‌లో ఎందరు పట్టించుకున్నారో అంకెల్లో చెప్పే ఆల్ట్‌మెట్రిక్ స్కోరును ఇప్పుడు కొందరు యువ అధ్యాపకులు తమ దరఖాస్తుల్లో చూపుతున్నారు. ఒక వ్యాసాన్ని తోటి పరిశోధకులు తమ రచనల్లో ప్రస్తావించడానికి ఏళ్లు పట్టే మా రంగంలో, అది వెలువడిన కొద్ది రోజులకే ఎక్కడెక్కడ చర్చకు వచ్చిందో తెలియడం మంచిదే.

అయితే ఈ లెక్కకు ఎక్కాలంటే వ్యాసానికి డీఓఐ వంటి శాశ్వత గుర్తింపు సంఖ్య ఉండాలి. ప్రస్తావించేవారు చాలావరకు దాని లింకు ఇవ్వాలి. వార్తాపత్రికలో వస్తే 8, బ్లాగులో వస్తే 5, చొప్పున మార్కులు పడతాయి; వికీపీడియాలో ఎన్నిసార్లు వచ్చినా 3 మార్కులే. మెచ్చుకున్నా, తప్పుపట్టినా మార్కులు అవే. ద్రావిడ భాషా కుటుంబం వయసు దాదాపు 4,500 ఏళ్లని అంచనా వేసిన అధ్యయనం 2018లో రాయల్ సొసైటీ పత్రికలో రాగానే వార్తలకెక్కింది. ఆ గౌరవానికి అది తగినదే. కానీ ఒంగోలులో పుట్టిన భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలను సేకరింపజేసి 1962లో వెలువరించిన వ్యవసాయ వృత్తి పదకోశం వంటి పనిని ఈరోజు ఎవరైనా చేసి తెలుగులో అచ్చు వేయిస్తే, అలాంటి గుర్తింపు సంఖ్య లేకపోతే దానికి దక్కేది సున్నా.

జువ్వలదిన్నె తీరంలో వలల పేర్లు, గాలుల పేర్లు సేకరిస్తున్న మా విద్యార్థిని ఒక్కో మాటను తాతనూ, తండ్రినీ, కొడుకునూ విడివిడిగా అడిగి, చెప్పినవారి వయసు, ఊరు, ఆ మాట వాడిన వాక్యం ఒక్కో కార్డు మీద రాసుకుంటుంది. తండ్రికి తెలిసి కొడుకు నోట లేని మాట దొరికిన చోట ఎర్ర గీత పెడుతుంది. భాష ఎలా మారుతోందో చెప్పే సాక్ష్యం ఆ ఎర్ర గీతల్లోనే ఉంది. ఆ పనిని తూచడానికి స్కోరు చాలదు, చదవాలి. స్థానిక ప్రాధాన్యమున్న పరిశోధనను కాపాడాలనీ, అంకెలు నిపుణుల అంచనాకు తోడుగానే ఉండాలనీ పరిశోధనను అంకెలతో అంచనా వేయడంపై నిపుణులు 2015లో వెలువరించిన లైడెన్ ప్రకటన స్పష్టంగా చెప్పింది. ఎంపిక సంఘాలు దాన్ని పాటించాలి.

నెల్లూరులోని ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం తాము ప్రచురించే ప్రతి తెలుగు వ్యాసానికీ డీఓఐ ఇప్పించి, అందరూ చదువుకునేలా ఆన్‌లైన్‌లో ఉంచాలని కోరుతున్నాను. మీకూ ఒక విన్నపం: పరిశోధన వార్తలను ‘పరిశోధకులు తేల్చారు’ అని ముగించకుండా, వ్యాసం పేరు, అది వచ్చిన పత్రిక పేరు రాసి, వెబ్ ఎడిషన్‌లో దాని లింకు కూడా ఇవ్వండి.

ఇట్లు,
ఒక భాషాశాస్త్ర అధ్యాపకుడు,
కావలి, నెల్లూరు జిల్లా