ఎబోలా సంగతి సరే, ముందు దోమ సంగతి చూడు

అక్కా,

వేసవి సెలవులకి పిల్లల్ని తీసుకుని ఉగాండాకి, మా కంపాలా వస్తానంటూనే ఎబోలా వీడియోలు పంపావు. అది ఇక్కడ అప్పుడప్పుడూ వస్తుంది, నిజమే. 2022లో ముబెండే వైపు లాక్‌డౌన్ కూడా పెట్టారు. కానీ రోజూ మేం జాగ్రత్తపడేది మాత్రం చీకటి పడ్డాక కుట్టే దోమ గురించి.

ఇక్కడ ఎక్కువగా ఉండేది ఫాల్సిపారం మలేరియా. అశ్రద్ధ చేస్తే ఒకటి రెండు రోజుల్లోనే మెదడుకి ఎక్కుతుంది. అందుకే ఒళ్లు వెచ్చబడితే పారాసిటమాల్ వేసుకుని చూద్దాంలే అని కూర్చోం. క్లినిక్‌కి వెళ్లి వేలి నుంచి చుక్క రక్తం ఇస్తే కాసేపట్లో రిజల్ట్ వచ్చేస్తుంది. ముందుజాగ్రత్తగా వేసుకునే మాత్రలు ఉన్నాయి, పిల్లల బరువు చెప్పి డాక్టర్‌తో రాయించు. పాతకాలం క్లోరోక్విన్ ఇస్తే వద్దను, ఇక్కడి మలేరియా మీద అది పనిచేయదు. దోమతెరలో పడుకోవాలంటే బావగారు గొణుగుతారని తెలుసు. ఊరు దాదాపు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది, రాత్రిళ్లు చల్లగానే ఉంటుంది, ఉక్కపోయదని చెప్పు.

వీడియో కాల్‌లో నేను టవళ్లూ సాక్సులూ ఇస్త్రీ చేస్తుంటే నవ్వావు కదా. ఇక్కడ మ్యాంగో ఫ్లై అని ఒక ఈగ ఉంది. నీడలో ఆరేసిన తడిబట్టల మీద గుడ్లు పెడుతుంది. ఆ బట్టలు కట్టుకుంటే పురుగు చర్మంలోకి దూరి సెగ్గడ్డలా లేస్తుంది. మధ్యలో చిన్న రంధ్రం, దాని వెనక ఏదో కదులుతున్నట్టు సలుపు. పైన వాసెలిన్ దట్టంగా పట్టిస్తే గాలాడక అది బయటికి తల పెడుతుంది. ప్రాణం తీసే జబ్బేం కాదు గానీ చూడలేం బాబూ! వేడి ఇస్త్రీ పెట్టె తగిలితే గుడ్లు చచ్చిపోతాయి. అంచులూ, కుట్లూ కూడా వదలకుండా చేయాలి.

విక్టోరియా సరస్సు చూడగానే చిన్నాడు దిగుతానంటాడు. మోకాలి లోతుకి కూడా దింపొద్దు. ఒడ్డున ఉండే నత్తల నుంచి బిల్హార్జియా క్రిములు నీళ్లలోకి వస్తాయి, ఒంటి మీద గాయం లేకపోయినా చర్మంలోంచి లోపలికి పోతాయి. మందుంది, అయినా కోరి తెచ్చుకోవడం ఎందుకు? పడవెక్కుదాం.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకపోతే ఇక్కడ దిగనివ్వరు, తిరిగి వెళ్లేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో క్వారంటైన్ అంటారు. ఆ కార్డు మీద పేరు, పాస్‌పోర్ట్ నంబరు సరిచూసుకో.

బావగారికి ఇంకో సంగతి. ఎంటెబ్బే దగ్గరే జికా అడవి ఉంది. 1947లో జికా వైరస్‌ని మొదట కనిపెట్టింది అక్కడి ఒక కోతిలోనే. ఆయన చూస్తానంటారు, నాకు తెలుసు.

ఇంటికి వెళ్లాక కొన్ని నెలల్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టర్‌కి ముందు చెప్పాల్సింది ఉగాండా వెళ్లొచ్చామనే. టీకా అపాయింట్‌మెంట్ దొరకగానే ఫోన్ చెయ్యి, టికెట్లు ఆ తర్వాతే బుక్ చేద్దాం.

నీ తమ్ముడు