చీటీ మాకేనా, కంపెనీలకు వద్దా?

సంపాదకుడు గారికి నమస్కారం.

యాంటీబయాటిక్ అవగాహన వారోత్సవాల సభ మీద మీ జిల్లా ఎడిషన్‌లో వచ్చిన వార్త చదివాను. అదే రోజు రాద్దామనుకున్నా, కోపం తగ్గాక రాయడం మంచిదని ఆగాను. తగ్గలేదు.

వేదిక మీదున్న పెద్దలంతా చెప్పింది ఒక్కటే మాట. జనం ఇష్టమొచ్చినట్టు గోళీలు మింగుతున్నారట, మెడికల్ షాపులవాళ్లు డాక్టర్ చీటీ లేకుండా అమ్ముతున్నారట, అందుకే మందులు పనిచేయకుండా పోతున్నాయట. నేను పటాన్‌చెరులో మెడికల్ షాపు నడుపుతున్నాను. మాలో చీటీ అడగకుండా ఇచ్చేవాళ్లు లేరని అనను. ఉన్నారు, వాళ్ల మీద చర్య తీసుకోవాల్సిందే. కానీ పటాన్‌చెరులో సభ పెట్టి, యాంటీబయాటిక్‌ల గురించే మాట్లాడి, మందుల కంపెనీల వ్యర్థాలు మోసిన నక్కవాగు పేరు ఒక్కరి నోటా రాకుండా ముగించారంటే మెచ్చుకోవాలి. ఆ విద్య అందరికీ రాదు.

సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ గోళీలు పది అమ్మితే, ఇలాంటి మందుల కోసమే పెట్టిన హెచ్1 రిజిస్టర్‌లో నేను రాయాలి. డాక్టర్ పేరు, అడ్రస్, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చాం, అన్నీ. 2014 నుంచి ఉన్న రూలు ఇది. ఆ పుస్తకం మూడేళ్లు దాచాలి. మొన్న తనిఖీకి వచ్చిన సారు ఒక వరుస మీద వేలు పెట్టి, ఇక్కడ డాక్టర్ అడ్రస్ సగమే ఉందేంటని అడిగారు. సరే, పూర్తిగా రాస్తాం. ఆ పట్టింపు ఉండాలి కూడా.

మరి కంపెనీల రిజిస్టర్ ఎక్కడుంది? 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు మా ఊరి లెక్క ప్రపంచానికి చెప్పారు. సుమారు 90 బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీల వ్యర్థజలం వచ్చి చేరే శుద్ధి కేంద్రం దగ్గర, శుద్ధి అయిపోయి బయటికి వదిలే నీటిని వాళ్లు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేలింది. నేను అమ్మే సిప్రో గోళీ 500 మిల్లీగ్రాములు. అంటే పదహారు లీటర్లకు ఒక గోళీ, బిందెకు ఒకటి అనుకోండి. రోజుకు 45 కిలోల సిప్రో అలా పోతోందని, అది స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడేంత అని వాళ్ల అంచనా. నా కౌంటర్ లెక్కలో చెప్పాలంటే రోజుకు తొంభై వేల గోళీలు. చీటీ లేదు, బిల్లు లేదు, యాంటీబయాటిక్ అట్ట మీద హెచ్చరికగా ఉండే ఎర్ర గీత అసలే లేదు.

అంత మందు నీళ్లలో పడితే అందులోని బ్యాక్టీరియా అంతా చావదు, మిగిలింది రాటుదేలుతుంది. రాటుదేలిన గుణాన్ని పక్క బ్యాక్టీరియాకు అంటిస్తుంది. ఇది నేను చెప్పే శాస్త్రం కాదు, ఆ సభలో డాక్టర్లు చెప్పిందే. కాకపోతే వాళ్లు రోగి కడుపు దగ్గరే ఆగిపోయారు.

ఇదంతా పాత కథ అంటారు అధికారులు. ఇప్పుడు శుద్ధి చేసిన నీళ్లు వాగులోకి పోవడం లేదు, 18 కిలోమీటర్ల పైపు వేసి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి పంపుతున్నాం అంటారు. ఊరందరి మురుగు వచ్చే చోటికి మందుల కంపెనీల నీళ్లు తీసుకెళ్లి కలపడం పరిష్కారమట! అక్కడి నుంచి మూసీలోకి. మూసీ కింద వరి, ఆకుకూరలు పండించేవాళ్లు ఎక్కడి మనుషులో మరి.

సరే, పాత కథే అనుకుందాం. కొత్త కథ ఏమిటో చూడండి. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ కంపెనీలు వదిలే నీటిలో ఏ యాంటీబయాటిక్ ఎంతకు మించకూడదో అందులో అంకెలతో సహా రాశారు. సంతోషించాం. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ అంకెలు మాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో ఈ విషయం మీదే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి సలహాలే కదా, మనవాళ్లకు బాధ లేదు. పది గోళీలకు రిజిస్టర్ అడిగే ప్రభుత్వం, టన్నుల్లో తయారుచేసే చోట కనీసం ఒక పరిమితి పెట్టలేకపోయింది.

కోర్టుల సంగతి ఎత్తితే ఇంకో లేఖ అవుతుంది. 1990లో సుప్రీంకోర్టులో పడిన పటాన్‌చెరు కాలుష్యం కేసు హైకోర్టుకు వచ్చి, గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లి, తీర్పు వచ్చేసరికి 2017 అయింది. అదే ఏడాది మా దగ్గరి గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. ముదిరాజ్‌లు, బెస్తవాళ్లు పెట్టుబడి పోయిందని మొత్తుకుంటే అధికారులు శాంపిళ్లు తీసుకుపోయారు. శాంపిళ్లు తీయడంలో మనవాళ్లకు లోటు లేదు.

ఇప్పటికీ పెద్ద వాన పడిన రాత్రి మా వైపు కిటికీలు మూసుకోవాల్సిందే. కుళ్లిన కోడిగుడ్డు, నెయిల్ పాలిష్ కలిపినట్టు ఘాటు వాసన, కళ్లు మండుతాయి. వాన నీటితో పాటు కంపెనీలవాళ్లు ఇంకేం వదులుతున్నారో వాళ్లకే తెలియాలి. అధికారులకు ఫోన్ చేస్తే తెల్లారి ఎండ ఎక్కాక జీపు వస్తుంది. ‘వాసన ఏదండీ?’ అని మమ్మల్నే అడుగుతారు. అన్నీ ‘జీరో డిశ్చార్జ్’ కంపెనీలే, చుక్క బయటికి రాదు అని కాగితం చూపిస్తారు. కంపెనీల గేట్ల బయట పెట్టిన బోర్డులు ఒకసారి చూడండి సార్, వ్యర్థాల వివరాలు రాయాల్సిన గళ్లు కొన్నిచోట్ల ఎండకు వెలిసిపోయి తెల్లగా ఉన్నాయి.

బడిపిల్లల చేతికి ప్లకార్డులిచ్చి ఎండలో ర్యాలీ తీయించడం మాత్రం ఏటా తప్పదు. ఈసారి ఫ్లెక్సీ కట్టింది ఎక్కడో తెలుసా? నాలా మీది కల్వర్టు రెయిలింగ్‌కు.

మీ విలేకరి మళ్లీ ఆ పెద్దలను కలిసినప్పుడు నా తరఫున ఒక్క ప్రశ్న అడగమనండి. ఒక కంపెనీ లీటరు నీటిలో ఎంత సిప్రోఫ్లాక్సాసిన్ వదలవచ్చు? అంకె చెప్తే మొదటి పేజీలో వేయండి. చెప్పకపోతే, చెప్పలేదని అదే పేజీలో వేయండి.

- ఒక మెడికల్ షాపు యజమాని,
పటాన్‌చెరు, సంగారెడ్డి జిల్లా