ఇంకా ఉందా అని అడిగేవాళ్లు

చిన్నీ,

ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఉన్నావని తెలిసీ ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో చెబుదామంటే మధ్యలో ఎవరో ఒకరు "టేబుల్ ఇంకా ఉందా" అని మెసేజ్ పెడతారు, నువ్వు అటు చూస్తావు, నా మాట గాల్లో ఉండిపోతుంది. రాత్రి పడుకునే ముందు తీరిగ్గా చదువుకో.

"అమ్మా, సామాను అమ్మడం కంటే పారేయడం తేలిక" అన్నావు. విసుగులో ఆ మాట రావడం సహజమే. కానీ నీ విసుగులో రెండు రకాల మనుషులు కలిసిపోయారు. రోజుల తరబడి బేరమాడి, వస్తానన్న రోజున రాకుండా పోయినవాడు ఒకడు. ఫొటోలు కూడా సరిగ్గా చూడకుండా "డబ్బు ఇప్పుడే పంపించేస్తాను" అన్నవాడు ఇంకొకడు. నీకు మొదటివాడి మీద మండిపోతోంది, రెండోవాడి మీద మాత్రం కాస్త ఆశగా ఉంది. ఇన్నేళ్లు బ్యాంకు కౌంటర్‌లో పనిచేసినదాన్ని కాబట్టి చెబుతున్నా, అది తలకిందులు. మొదటివాడి వల్ల నీకు ఒక సాయంత్రం పోయింది. రెండోవాడు నీ ఖాతాకే గురిపెట్టాడు.

అయితే ఇద్దరికీ పనికొచ్చేది నీలోని ఒకటే గుణం, మొహమాటం. నోరు మంచిదైతే ఊరు మంచిదని, ఎవరు పలకరించినా బదులివ్వాలని నీకు నూరిపోసింది నేనే. అది తప్పని ఇప్పుడూ అనను. కానీ వస్తువు అమ్మకానికి పెట్టాక వచ్చే మెసేజ్‌లు పలకరింపులు కావు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత నీకూ తెలుసు, ఉత్తరంలో రాయడం బాగుండదు.

ముందు ఆ "ఇంకా ఉందా?" సంగతి. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లాంటి చోట్ల ఆ ప్రశ్న టైపు కూడా చేయనక్కర్లేదు. ముందే రాసిపెట్టి ఉంటుంది, వేలితో ఒకసారి తాకితే వెళ్లిపోతుంది. అంటే అడిగినవాడికి ఖర్చు ఏమీ లేదు, మంచం మీద పడుకుని కనిపించిన ప్రతి యాడ్‌కీ అదే పంపి ఉంటాడు. నువ్వేమో కొలతలు, ఎప్పుడు కొన్నావు, ఎందుకు అమ్ముతున్నావు అంటూ పేరాలు పేరాలు రాసి జవాబు కోసం ఎదురుచూస్తున్నావు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ.

దానికి ఇంత చాలు: "ఉందండీ. శనివారం గానీ ఆదివారం గానీ సాయంత్రం వచ్చి చూసుకోవచ్చు. మీకు ఏ రోజు వీలవుతుంది?" ఇప్పుడు అవతలివాడు ఏదో ఒక రోజు చెప్పాలి. నిజంగా కావలసినవాడు చెబుతాడు. ఊసుపోక అడిగినవాడు అక్కడే ఆగిపోతాడు. అలా ఆగిపోయినవాడికి "ఏమైందండీ" అని నువ్వు మళ్లీ మెసేజ్ పెట్టకు. పెడితే నీకు అమ్ముకోక తప్పదని అతనికి అర్థమవుతుంది, ఇక రేటు సగానికి వస్తుంది.

నీ యాడ్‌లు కూడా చూశాను. ఫొటోలు బాగున్నాయి, మరీ బాగున్నాయి. టేబుల్ కాలి దగ్గర గీత పడింది కదా, అది ఏ ఫొటోలోనూ లేదు. దాన్ని దగ్గరగా తీసి పెట్టు. లోపం ముందే చూపిస్తే అది చూసీ వచ్చేవాళ్లే వస్తారు, గుమ్మంలో నిలబడి "అయ్యో, ఇది చెప్పలేదే" అని సగం ధర తగ్గించమనేవాడికి ఆ అవకాశం ఉండదు. పొడవు, వెడల్పు, విడదీయడానికి వీలవుతుందా, ఎన్నో అంతస్తు, లిఫ్టు ఉందా, మోసుకెళ్లడానికి మనిషిని వాళ్లే తెచ్చుకోవాలా, ఇవన్నీ రాసెయ్యి. అప్పుడు యాడ్‌లో ఉన్నదే మళ్లీ అడిగాడంటే చదవలేదన్నమాట. చదవనివాడు వస్తాడన్న నమ్మకం నాకు తక్కువ.

"లాస్ట్ ఎంత?" అనేవాళ్లకి మెసేజ్‌లో రేటు తగ్గించకు. తగ్గించిన రేటు వాళ్లకి చివరిది కాదు, అక్కడి నుంచి ఇంటికొచ్చాక ఇంకో బేరం మొదలవుతుంది. "చూశాక మాట్లాడుకుందాం" అను. చూడటానికి వచ్చినవాడు బేరమాడితే ఆడనివ్వు, అందులో తప్పేం లేదు, నేనూ ఆడతాను. ఎంతకి ఇవ్వగలవో ముందే మనసులో ఒక అంకె అనుకో, అంతకంటే తక్కువ అడిగితే పొమ్మను. మెట్లు దిగినవాళ్లలో కొందరు మళ్లీ ఎక్కుతారు. ఇక "నాకోసం ఉంచండి, వచ్చే వారం జీతం రాగానే తీసుకుంటాను" అనేవాళ్లు. పాపం నిజమే చెబుతూ ఉండొచ్చు. అయినా అడ్వాన్స్ ఇవ్వనిదే ఉంచకు. ముందు డబ్బుతో వచ్చినవాళ్లకే ఇస్తానని అందరికీ ఒకే మాట చెప్పు. వస్తానన్నవాడికి ఆ రోజు పొద్దున ఒకసారి గుర్తుచెయ్యి, జవాబు రాకపోతే తర్వాతివాళ్లని పిలువు. ఒకడి కోసం సాయంత్రమంతా ఇంట్లో కూర్చోవద్దు. ఇంకో విషయం, ఊరికే ఇచ్చేస్తానని పెట్టిన వస్తువులకే వస్తానని రానివాళ్లు ఎక్కువ. నామమాత్రంగానైనా ఏదో ఒక ధర పెట్టు.

ఇంతవరకూ చెప్పింది చిరాకు గురించే. ఇక అసలు భయపడాల్సినవాడి దగ్గరికి వద్దాం.

వాడు బేరమాడడు. గీత గురించి అడగడు. నీ ధరకి ఒప్పుకుంటాడు, ఒక్కోసారి ఇంకాస్త ఇస్తానంటాడు. వస్తువు చూడటానికి రాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్నాననో, వేరే చోట ఉన్నాననో, మా మనిషి వచ్చి తీసుకెళతాడనో చెబుతాడు. నమ్మకం కోసం గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపిస్తాడు. ఆ కార్డు నిజమైనదే అయినా వాడిదని ఏముంది? అలాగే నమ్మి పంపిన ఇంకెవరిదో కావచ్చు. అందుకే నీ కార్డు ఫొటో ఎవరికీ పంపకు, దానితో వాళ్లు రేపు ఇంకొకరి ముందు నువ్వుగా నిలబడతారు.

వచ్చే మెసేజ్ ఇంత అనుమానంగా ఉంటే ఎవరు నమ్ముతారని అన్నావు కదా. దీని మీద మైక్రోసాఫ్ట్‌లో పరిశోధకుడిగా ఉన్న కార్మాక్ హెర్లీ 2012లో ఒక వ్యాసం రాశాడు. నైజీరియా పేరుతో వచ్చే మోసపు ఈమెయిల్స్ అంత నమ్మశక్యం కాకుండా ఎందుకుంటాయన్నది ఆయన ప్రశ్న. లక్షల మందికి మెయిల్ పంపడానికి ఖర్చు లేదు, కానీ జవాబిచ్చిన ప్రతివాడితోనూ రోజుల తరబడి మాట్లాడాలంటే ఖర్చే. సగం దూరం వచ్చి అనుమానపడి తప్పుకునేవాడు మోసగాడికి నష్టం. అందుకే తెలివైనవాళ్లు మొదట్లోనే నవ్వుకుని వదిలేసేలా రాస్తే, మిగిలినవాళ్ల మీదే పనిచేయొచ్చు అన్నది ఆయన వాదన. అంటే టైం వేస్ట్ చేసేవాళ్లంటే మోసగాడికీ గిట్టదు! నువ్వు ఒకటికి రెండు ప్రశ్నలు వేసి, "మీరే వచ్చి చూసుకుని తీసుకెళ్లండి" అని పట్టుబడితే చాలామంది వాళ్లంతట వాళ్లే మాయమైపోతారు.

మాయం కానివాళ్ల పద్ధతులు చెబుతాను. వేషాలు మారుతుంటాయి కానీ అన్నీ ఒకచోటికే చేరతాయి: డబ్బు రావాల్సినది నీకు, పని చేయాల్సినది కూడా నువ్వే అంటారు. ఈ కోడ్ స్కాన్ చెయ్యి, ఈ లింకు నొక్కు, ఆ పిన్ కొట్టు. డబ్బు తీసుకోవడానికి నీ పిన్‌తో ఏ పనీ లేదు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టావంటే నువ్వు కడుతున్నావని అర్థం. ముందు చిన్న మొత్తం నిజంగానే పంపి, "చూశారా, వచ్చిందిగా" అని నమ్మించి, పెద్ద మొత్తం దగ్గర దెబ్బ కొడతారు. కొరియర్ వాళ్లు వస్తారు, ఇన్సూరెన్స్ ఫీజు మీరు కట్టండి, తర్వాత కలిపి ఇస్తామన్నా అంతే. సాయం చేస్తామంటూ మన స్క్రీన్ వాళ్లకి కనిపించే యాప్ ఏదైనా వేసుకోమంటే అక్కడితో ఫోన్ పెట్టెయ్యి.

"మీరు నిజమైన మనిషో కాదో తెలుసుకోవాలి, ఒక కోడ్ పంపాను, చదివి చెప్పండి" అనేది ఇంకొకటి. వినడానికి వాళ్లే జాగ్రత్తపడుతున్నట్టు ఉంటుంది. నీ నంబరుతో వాళ్ల ఫోన్‌లో వాట్సాప్ తెరుస్తూ ఉంటారు, దానికి కావలసిన ఆరంకెల కోడ్ అది. చెప్పావంటే రేపటి నుంచి నీ పేరుతో మా అందరినీ డబ్బు అడుగుతారు. ఆ కోడ్‌తో పాటు నువ్వు పెట్టుకున్న పిన్ కూడా అడిగే రెండంచెల వెరిఫికేషన్ వాట్సాప్‌లో ఆన్ చేశావో లేదో ఈ రాత్రే చూడు.

డబ్బు వచ్చిందనడానికి స్క్రీన్‌షాట్ సాక్ష్యం కాదు, ఎవరైనా తయారుచేసుకోవచ్చు. మెసేజ్ కూడా కాదు, బ్యాంకు పేరుతో వచ్చినట్టు కనిపించేలా పంపొచ్చు. నీ యాప్ నువ్వే తెరిచి బ్యాలెన్స్ చూసుకో, అది పెరిగితేనే వచ్చినట్టు. చెక్కు విషయంలో అదీ చాలదు. కొన్ని దేశాల్లో చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ మొత్తం ఖాతాలో కనిపిస్తుంది, దొంగ చెక్కని తేలడానికి వారాలు పడుతుంది. ఈలోగా "పొరపాటున ఎక్కువ రాశాను, మిగతాది తిరిగి పంపండి" అంటాడు. నువ్వు పంపేది నీ సొంత డబ్బు. చెక్కు తిరిగొచ్చాక బ్యాంకు ఆ మొత్తాన్ని నీ ఖాతాలోంచే తీసుకుంటుంది. ఎంత బతిమాలినా కౌంటర్‌లో ఉన్న మనిషి ఏమీ చేయలేడు. అందుకే ఎవరైనా ఎక్కువ పంపామని కంగారు పెడితే నువ్వు తిరిగి పంపకు, మీ బ్యాంకుతో మాట్లాడుకోండని చెప్పు, నీ బ్యాంకుకీ చెప్పు. కార్డుతో ఆన్‌లైన్‌లో కట్టినవాడు కూడా సరుకు అందలేదని నెలల తర్వాత బ్యాంకుకి ఫిర్యాదు చేసి వెనక్కి తీసుకునే వీలుంది. ఎదురుగా నిలబడి నోట్లు లెక్కపెట్టి ఇచ్చేదే నాకు ఇప్పటికీ నచ్చుతుంది, పాతకాలం మనిషివంటావు, అను.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది వేరే ఉంది. నీ యాడ్‌లోని ఫొటోలు తీసుకుని మోసగాడు తన పేరుతో ఇంకో యాడ్ పెడతాడు. అక్కడ కొనడానికి వచ్చిన అమాయకుడికి నీ ఖాతా నంబరు ఇస్తాడు. డబ్బు నీకు నిజంగానే వస్తుంది, నువ్వు సంతోషంగా వస్తువు మోసగాడి మనిషికి ఇస్తావు. డబ్బు కట్టి వస్తువు అందని అమాయకుడు పోలీసుల దగ్గరికి వెళితే వాళ్లకి దొరికే పేరు నీదే. కాబట్టి డబ్బు పంపిన పేరు, ఎదురుగా ఉన్న మనిషి పేరు ఒకటేనా అని చూడు. "మా బావ పంపాడు" అంటే ఆ బావతో వీడియో కాల్‌లో మాట్లాడాకే వస్తువు కదలాలి.

ఫోన్, లాప్‌టాప్ అమ్మేటప్పుడు ముందు నీ అకౌంట్ల నుంచి బయటికి వచ్చి, తర్వాత రీసెట్ చెయ్యి. అకౌంట్ తీయకుండా అమ్మితే కొన్నవాడికి అది తెరుచుకోదు. ఐఫోన్‌లలో ఈ తాళం 2013 నుంచీ ఉంది, ఆండ్రాయిడ్‌లోనూ ఇలాంటిదే ఉంది. అప్పుడు కొన్నవాడు నిన్ను తిట్టుకుంటూ తిరిగొస్తే తప్పు అతనిది కాదు. ఒక్కో ఫోన్‌ని విడిగా గుర్తుపట్టడానికి పెట్టె మీద పదిహేను అంకెల ఐఎంఈఐ నంబరు ఉంటుంది, అది ఫొటోలో కనబడనివ్వకు. చిన్న వస్తువులు పదిమంది తిరిగే చోట పగలే ఇచ్చెయ్యి. టేబుల్, మంచంలాంటివాటికి ఇంటికి రావాల్సిందే కాబట్టి వాటిని ముందుగదిలోకి జరిపించు, ఇంకో మనిషి తోడుండగానే తలుపు తియ్యి. ఒంటరిగా ఉంటున్నానని గానీ, ఫలానా తేదీన ఊరు వదిలిపోతున్నానని గానీ యాడ్‌లో రాయకు. రెండోది రాశావు, తీసెయ్యి. బేరానికీ అది మంచిది కాదు.

తమ్ముడు మోసగాళ్లతో కావాలని గంటలు గంటలు మాట్లాడి ఏడిపిస్తాడట, నిన్నూ అలా చేయమన్నాడట. వాడికి పని లేదు. నీ పేరు, ముఖం, ఉండే పేట తెలిసినవాళ్లతో ఆటలొద్దు. రిపోర్ట్ కొట్టి బ్లాక్ చెయ్యి. చివరి మాట కూడా రాయక్కర్లేదు.

ఎప్పుడైనా నీ డబ్బు పోతే ముందు బ్యాంకుకి ఫోన్ చెయ్యి, ఆ తర్వాత ఏడువు. మొదటి కొద్ది నిమిషాల్లో చెబితే ఆపగలిగే అవకాశం ఎక్కువ. చాట్‌లు తుడిచేయకుండా ఉంచు, పోలీసులకి రాతపూర్వకంగా ఇవ్వు, నాకు చెప్పు. నేను తిడతానని దాచకు, తిట్టను. పోయిన డబ్బు తెచ్చిపెడతాం, ముందు కాస్త ఫీజు కట్టండి అంటూ కొన్నాళ్లకి ఎవరో ఫోన్ చేస్తారు. వాళ్లూ ఆ జాతివాళ్లే.

డబ్బు ఇప్పుడే పంపిస్తానన్నవాడికి రేపు పొద్దున "వచ్చి చూసుకుని, అప్పుడే ఇవ్వండి" అని మెసేజ్ పెట్టి, ఏమన్నాడో నాకు చెప్పు. పుస్తకాల అరకి మాత్రం తొందరపడకు, అది మంచి చెక్క, ఆ రేటుకి ఎవరో ఒకరు వస్తారు. లాప్‌టాప్‌తో పాటు ఆ నీలం బ్యాగు కూడా ఇస్తానని రాశావు చూశాను. బ్యాగు తీసేసి యాడ్ మార్చు, అది నాకు కావాలి.

అమ్మ